కొండ పొలాలపై విమానబాటలు

ఎరువు లేనిదే పంట లేదని ప్రతి రైతుకూ తెలుసు. వేసవిలో పెంటకుప్పలోని ఎరువును బండ్లకెత్తి పొలానికి తోలడం మన గ్రామాలలో తరతరాలుగా సాగిన పని. బండి పోగల చోటికి ఎరువు బండిమీద పోతుంది. బండి పోలేని చోటికి మనిషి తట్టతో మోస్తాడు. మరి బండీ ఎక్కలేక, తట్ట మోసే మనుషులూ దొరకక, నేల మాత్రం వందల హెక్టార్ల మేర ఏటవాలుగా పరచుకొని ఉన్నచోట ఎరువు చేరేదెట్లా? రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత న్యూజిలాండ్ రైతులు ఈ ప్రశ్నకు ఒక సమాధానం కనుగొన్నారు. వారు తమ కొండల వెన్నుమీద నేలను చదును చేసి, విమానం పరుగెత్తి లేవడానికి, దిగి ఆగడానికి తగిన బాటలు వేసుకొన్నారు. అవి ప్రభుత్వ విమానాశ్రయాలు కావు. టిక్కెట్లమ్మే గది గాని, దీపాలు గాని, సిమెంటు రన్‌వే గాని వాటికి లేవు. గొర్రెలు మేసే పచ్చికలోనే ఒక పట్టీని విడదీసి విమానానికి అప్పగించినారు, అంతే. ఈ చిన్న బాటలు ఒక దేశపు వ్యవసాయాన్ని ఎట్లా మార్చినవో, ఆ మార్పుకు ఎవరెవరు మూల్యం చెల్లించినారో తెలుసుకోవడం ఆసక్తికరమే కాక అవసరం కూడా.

అడవి పోయి గడ్డి వచ్చిన కొండలు

న్యూజిలాండ్ పసిఫిక్ మహాసముద్రపు నైరుతి మూలనున్న దేశం. దాని ఉత్తర దీవిలో అధికభాగం మెత్తని రాళ్ళతో ఏర్పడిన కొండప్రాంతం. పందొమ్మిదవ శతాబ్దంలో యూరప్ నుండి వలస వచ్చినవారు ఈ కొండలమీది దట్టమైన అడవులను నరికి తగులబెట్టి, ఆ బూడిదలో గడ్డి విత్తనాలు చల్లినారు. తొలి సంవత్సరాలలో గడ్డి ఏపుగా పెరిగినది. గొర్రెలు బలిసినవి. ఉన్ని, మాంసం ఓడలకెక్కి ఇంగ్లండు చేరినవి. కాని బూడిద ఇచ్చిన బలం ఎంతోకాలం నిలువలేదు. వేలాది సంవత్సరాలుగా అడవి కూడబెట్టిన సారం కొద్ది దశాబ్దాలలో కరిగిపోయినది. గడ్డి పలచబడినది. పొదలు, ఫెర్నులు మళ్ళీ తలెత్తినవి. చెట్ల వేళ్ళు కుళ్ళిపోయిన వాలులమీద వాన పడినప్పుడెల్లా మట్టి పెళ్ళలుగా జారి లోయలలోనికి దిగసాగినది.

ఆ నేలలకు ముఖ్యంగా లోపించినవి భాస్వరం, గంధకం. ఈ రెంటినీ ఒకేసారి ఇవ్వగల ఎరువు సూపర్ ఫాస్ఫేటు. ప్రకృతిలో దొరికే ఫాస్ఫేటు శిల నీటిలో సులభంగా కరగదు గనుక మొక్కలకు నేరుగా ఉపయోగపడదు. దానిని గంధకామ్లంతో కలిపి కరిగే ఎరువుగా మార్చే పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ 1842లో పేటెంటు పొందినాడు. సూపర్ ఫాస్ఫేటు చల్లిన పచ్చికలో క్లోవర్ అనే మొక్క బాగా పెరుగుతుంది. క్లోవర్ చిక్కుడు కుటుంబానికి చెందినది. దాని వేరుబుడిపెలలో నివసించే రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తవి. మన రైతులు జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పొలంలో కలియదున్నడంలోని రహస్యం ఇదే. అనగా భాస్వరం ఇస్తే క్లోవర్ వస్తుంది. క్లోవర్ వస్తే నత్రజని వస్తుంది. నత్రజని వస్తే మంచి గడ్డి వస్తుంది. న్యూజిలాండ్ మైదానాలలో రైతులు ఈ సూత్రాన్ని యంత్రాలతో అమలు జరిపి లాభం పొందినారు. కొండమీది రైతు మాత్రం గుర్రాలపై సంచులు వేసుకొని ఎక్కి, చేతితో చల్లవలసినవాడయ్యాడు. హెక్టారుకు 250 కిలోల చొప్పున 400 హెక్టార్ల పొలానికి 100 టన్నుల ఎరువు కావలెను. దీనిని గుర్రంమీద ఎక్కించి పిడికిళ్ళతో చల్లడం ఎవరివల్ల అవుతుంది? ఎరువు ఏదో తెలిసినది, దాని గుణం తెలిసినది. కొండకు చేర్చే దారి మాత్రం తెలియలేదు.

వరద నేర్పిన పాఠం

1938 ఏప్రిల్‌లో ఉత్తర దీవి తూర్పు తీరాన హాక్స్ బే ప్రాంతంలో కుంభవృష్టి కురిసినది. కొండవాలులు విరిగి పడినవి. ఎస్క్ అనే నది లోయలో ఇళ్ళు, పండ్లతోటలు, కంచెలు ఒండ్రు కింద పూడిపోయినవి. వరద కిందనే వచ్చినా దాని బీజం పైన కొండలమీద ఉన్నదని అప్పుడు చాలామందికి బోధపడినది. 1941లో ఆ దేశపు పార్లమెంటు మట్టి సంరక్షణకు, నదుల అదుపుకు ఒక చట్టం చేసినది. దాని ప్రకారం ఒక మండలి ఏర్పడినది. మండలిలో మట్టి సంరక్షణ పనిని చూచిన డగ్లస్ కాంప్‌బెల్ ఆలోచన ఇట్లా సాగినది: గడ్డి దట్టంగా ఉంటే వాననీటి తాకిడికి మట్టి కొట్టుకొనిపోదు, గడ్డి దట్టం కావలెనంటే ఎరువు కావలెను, కొండకు ఎరువు చేరవలెనంటే ఆకాశమార్గం తప్ప వేరు లేదు. కనుక విమానంతో ఎరువు చల్లే యత్నం మొదట గొర్రెల పెంపకందారు లాభానికంటె నేల రక్షణకై ఆరంభమైనదని గుర్తుంచుకోవలెను. ఈ విషయం తరువాత చాలామంది మరచిపోయినారు.

విమానంనుండి పొలంమీద చల్లడం అప్పటికి కొత్త ఊహ కాదు. 1921 ఆగస్టు 3వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊరివద్ద సైనిక వైమానికుడు జాన్ మెక్రెడీ ఒక చెట్లతోపుమీద పురుగుమందు పొడి చల్లి గొంగళిపురుగులను చంపినాడు. ఆ తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని పత్తిచేలమీద విమానాలతో మందు చల్లడం వృత్తిగా పెరిగినది. న్యూజిలాండ్‌లో ప్రభుత్వ పనుల శాఖ వైమానికుడు అలన్ ప్రిచర్డ్ 1939లో విమానంనుండి ఇసుక తీరాలమీద లూపిన్ విత్తనాలు చల్లి మొలిపించినారు. అయితే మందు, విత్తనం తేలికైనవి. హెక్టారుకు కొద్ది కిలోలు చాలును. ఎరువు అట్లా కాదు. అది వందల కిలోల బరువు. ఇంత బరువును గాలిలో మోసి నేలమీద సమంగా వెదజల్లడం సాధ్యమా అన్నది సందేహం.

ఈ సందేహాన్ని తీర్చుటకు 1948, 1949 సంవత్సరాలలో న్యూజిలాండ్ వైమానిక దళం పరీక్షలు జరిపినది. యుద్ధంలో నౌకలపై దాడికి వాడిన గ్రమ్మన్ అవెంజర్ అనే విమానాన్ని దీనికి ఎన్నుకొన్నారు. బాంబులుంచే అరలో ఎరువు తొట్టిని అమర్చినారు. తొట్టి అడుగు తలుపు తెరిస్తే ఎరువు గాలివాటుకు విసనకర్రలా విచ్చుకొని కిందికి రాలేది. ఇటువంటి పరీక్షలో నేలమీద వరుసగా గిన్నెలు అమర్చి, ఒక్కొక్కదానిలో ఎంత ఎరువు పడినదో తూచి, ఏ ఎత్తున ఎంత వేగంతో పోతే ఎంత వెడల్పున సమంగా పడునో లెక్క కడతారు. ఫలితాలు తృప్తికరంగా ఉన్నవి. వైర్రాపా ప్రాంతంలోని మాస్టర్టన్ వద్ద నిజమైన కొండ పొలాలమీదనే ఎరువు చల్లి రైతులకు చూపినారు. చూడవచ్చిన రైతులకు ఇక సందేహం మిగలలేదు.

విమానంకంటె బాట ముఖ్యం

పరీక్షలు వైమానిక దళం చేసినా, పనిని చేపట్టినది చిన్న ప్రైవేటు సంస్థలు. 1949లోనే కాంటర్‌బరీ ప్రాంతంలో టైగర్ మాత్ విమానంతో కూలికి ఎరువు చల్లే వ్యాపారం మొదలైనది. అదే ఏడు హామిల్టన్‌లో ఆస్సీ జేమ్స్ తన సంస్థను స్థాపించినాడు. యుద్ధం ముగియడంతో పనిలేక మిగిలిన విమానాలు, విమానం నడపడం తప్ప వేరు విద్య తెలియని యువకులు రెండూ దండిగా ఉన్నవి. టైగర్ మాత్ 1931లో పుట్టిన శిక్షణ విమానం. కర్ర, గుడ్డలతో కట్టిన రెండు జతల రెక్కలు, 130 అశ్వశక్తుల ఇంజను. ముందు కూర్చుండే చోటు తీసివేసి అక్కడ తొట్టి పెట్టినారు. అది ఒక విడతకు మోసేది సుమారు 200 కిలోలు మాత్రమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. పైన చెప్పిన 100 టన్నుల ఎరువు చల్లవలెనంటే ఈ విమానం 500 సార్లు ఎగరవలెను. పొలానికి 30 కిలోమీటర్ల దూరంలో విమానాశ్రయమున్నదనుకొందాం. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయి రావడానికే సుమారు 28 నిమిషాలు. నింపడానికి, చల్లడానికి కలిపి ఒక్కొక్క విడతకు అరగంట తప్పదు. మొత్తం 250 గంటలు! ఆ ఖర్చుకు ఏ రైతూ తాళలేడు. అదే విమానం పొలంలోని కొండమీదనుండే లేచినట్లయితే ఒక విడత 5 నిమిషాలలో ముగుస్తుంది. 250 గంటల పని 42 గంటలకు దిగుతుంది. విమానం మారలేదు, చోదకుడు మారలేదు, ఎరువు మారలేదు. మారినది బాట ఉన్న చోటు ఒక్కటే. అందువల్ల విమానంతో ఎరువు చల్లడమనే పద్ధతికి ప్రాణం విమానంకంటె రైతు పొలంలోని బాటయే అనడం న్యాయం.

ఈ సత్యాన్ని పెద్ద విమానాలు కూడ రుజువు చేసినవి. గిస్బర్న్ ప్రాంతపు ఫీల్డ్‌ఎయిర్ సంస్థ 1950ల నుండి డీసీ-3 విమానాలను ఈ పనికి వాడినది. వాటి రెండు ఇంజన్ల బలంతో అవి టన్నులకొద్దీ ఎరువు ఎత్తగలవు. కాని అవి సాధారణపు కొండబాటమీద దిగలేవు. పెద్ద మైదానం కావలెను. అక్కడనుండి ప్రతి విడతకు దూరం పోయి రావలెను. విశాలమైన పొలాలలో ఇవి పనికి వచ్చినా, కొండప్రాంతమంతటా చివరకు నిలిచినది చిన్న బాటమీద దిగి లేవగల చిన్న విమానమే.

1950లో కొరియా యుద్ధం ఆరంభమైనది. సైనికుల దుస్తులకై ఉన్నికి గిరాకీ పెరిగి 1950-51లో ధర సుమారు మూడింతలైనది. రైతు చేతిలో డబ్బు ఆడినది. యుద్ధానంతరం విరివిగా వచ్చిన బుల్డోజర్లు కొండశిఖరాలను చెక్కి చదును చేసినవి. కొందరు సొంతంగా వేసుకొన్నారు. కొన్నిచోట్ల ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే బాట వేసుకొని వంతులవారీగా వాడుకొన్నారు. కొద్ది సంవత్సరాలలోనే ఉత్తర దీవి కొండల వెన్నులమీద ఇటువంటి బాటలు ఎక్కడ చూచినా కనిపించసాగినవి.

వాలులో ఉన్న విజ్ఞానం

పొలపు విమానబాట చూపరులకు వింతగా ఉంటుంది. అది సమతలంగా ఉండదు. ఒక చివర ఎత్తుగా, మరొక చివర పల్లంగా ఉండి, పల్లపు చివర ఒక్కసారిగా లోయలోనికి తెగిపోతుంది. దీనిని చూచి నాసిరకం పని అనుకొంటే పొరపాటు. ఈ వాలు బుద్ధిపూర్వకంగా ఎన్నుకొన్నది.

విమానం నేలవిడిచి లేవడానికి ఒక కనీస వేగం అందుకోవలెను. ఉదాహరణకు అది సెకనుకు 30 మీటర్లు అనుకొందాం. ఇంజను లాగుడు వల్ల వేగం సెకను సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరుగుతున్నదనుకొందాం. సమతలంమీద ఆ వేగం అందుటకు 225 మీటర్లు పరుగెత్తవలెను. అదే బాట పదింటికి ఒకటి చొప్పున పల్లానికి వాలి ఉంటే భూమ్యాకర్షణ కూడ విమానాన్ని ముందుకు లాగుతుంది. వేగం సెకను సెకనుకు మరొక మీటరు చొప్పున అదనంగా పెరిగి, 150 మీటర్లకే విమానం లేస్తుంది. చల్లి తిరిగి వచ్చినప్పుడు కిందినుండి పైకి దిగుతుంది. అప్పుడు అదే ఆకర్షణ వెనుకకు లాగి బ్రేకులకు తోడ్పడుతుంది. విమానం ఆగేది పై చివర; ఎరువు కొట్టమున్నదీ, నింపే లారీ నిలిచేదీ అక్కడనే. బరువుతో కిందికి, ఖాళీగా పైకి! ఎరువును కొండెక్కించే శ్రమను లారీ ముందే పడినది గనుక, విమానం బరువుతో ఎత్తుకు ఎగబాకవలసిన పని చాలవరకు తప్పుతుంది. బాటకు సమంగా, కొంత దిగువగా ఉన్న వాలులమీదనే అది చల్లుతుంది.

అయితే ఈ ఏర్పాటులోనే ప్రమాదమూ ఉన్నది. సాధారణ విమానాశ్రయంలో గాలికి ఎదురుగా లేవడం నియమం. ఇక్కడ బాట ఒకే దిక్కుకు పనిచేస్తుంది. గాలి వెనుకనుండి వీచినా పల్లానికే లేవవలెను. గాలి మితిమీరితే పని ఆపుకోవడం తప్ప మార్గం లేదు. అందుకే ఈ వైమానికులు గాలి నిలకడగా ఉండే తెల్లవారుజామున పని మొదలుపెట్టడం పరిపాటి. బాట తడిస్తే చక్రాలు కూరుకొని వేగం అందదు. గొర్రెలు బాటమీద మేస్తే గడ్డి పొట్టిగా ఉంటుంది, మంచిదే. కాని విమానం వచ్చే వేళకు వాటిని తోలివేసి కంచె బిగించకపోతే ప్రాణాపాయం. అన్నింటికంటె కనిపించని అపాయం ఎరువులోనే ఉన్నది. కొట్టం కప్పు కారి ఎరువు చెమ్మగిల్లితే అది గడ్డకట్టి తొట్టిలో ఇరుక్కొంటుంది. ఆపద వేళ చోదకుడు మీట లాగి బరువునంతా క్షణాలలో కింద పారబోసి విమానాన్ని తేలిక చేసుకోవలెను. గడ్డకట్టిన ఎరువు జారదు. ఎదుటి కొండ మాత్రం దగ్గరకు వస్తుంది. రైతు కొట్టానికి వేయించని రేకు ఒక వైమానికుని ప్రాణానికి ముప్పు అయ్యే సంబంధం ఇది.

తొలి దశాబ్దాలలో ప్రమాదాలు తరచుగా జరిగినవి. ఎందరో వైమానికులు మరణించినారు. శిక్షణ విమానానికి తొట్టి తగిలించడం చాలదనీ, ఈ పనికే తగిన విమానం కావలెననీ తేలినది. అమెరికాలో జాన్ థార్ప్ న్యూజిలాండ్ అవసరాలనే దృష్టిలో పెట్టుకొని రూపొందించిన ఫ్లెచర్ ఎఫ్‌యు-24 విమానం 1954లో ఎగిరినది. అది లోహంతో చేసినది. చోదకుడు రెక్కలకు ముందు ఎత్తున కూర్చుండును గనుక నేల బాగా కనిపిస్తుంది. కురచ బాటమీద దిగి లేవగలదు. అరటన్నుకు మించి మోయగలదు. మొదట భాగాలు తెప్పించి హామిల్టన్‌లో కూర్చినారు. తరువాత తయారీయే అక్కడికి తరలివచ్చినది. మొత్తంమీద సుమారు 300 విమానాలు తయారైనవి. ఒక దేశపు కొండబాటలు ఒక విమాన పరిశ్రమకు ఈ విధంగా జన్మనిచ్చినవి.

బాట భద్రత ఎవరి పూచీ అన్న ప్రశ్న చాలాకాలం తేలకుండా ఉండెను. విమానంమీద ప్రభుత్వపు తనిఖీ ఉన్నది. చోదకునికి లైసెన్సు ఉన్నది. పొలంలోని బాట మాత్రం రైతు సొంత ఆస్తి. ఒక రైతు బాట బాగు చేయకపోతే అక్కడ దిగనని చెప్పే ధైర్యం పోటీలో ఉన్న వైమానికునికి ఉండడం కష్టం. 2006లో బాటల పొడవు, వాలు, ఎరువు కొట్టాలు, రవాణా మొదలైనవాటిపై ఒక మార్గదర్శక పత్రం వెలువడినది. 2015లో వచ్చిన పనిచోటు భద్రతా చట్టం రైతు బాధ్యతను మరింత స్పష్టం చేసినది. విమానం దిగే బాట కూడ ఒక పనిచోటేనని గుర్తించడానికి ఇన్ని దశాబ్దాలు పట్టినది.

పచ్చదనం వెనుక ఎడారి

ఫలితాలు కంటికి కనిపించేటంతగా వచ్చినవి. పలచబడిన కొండలు తిరిగి పచ్చబడినవి. 1950 ప్రాంతంలో 3 కోట్లు దాటి ఉన్న గొర్రెల సంఖ్య 1982 నాటికి 7 కోట్లకు చేరినది. ఈ వృద్ధికి మేలుజాతులు, కంచెలు, ప్రభుత్వ సహాయం మొదలైన కారణాలు ఇంకా ఉన్నవి. అయినప్పటికీ కొండలలో ఎరువు వేయగలగడం ముఖ్యకారణమన్నది నిస్సంశయం. బాట ఒకసారి వేసిన తరువాత ఇతర పనులకూ తోడ్పడినది. విత్తనాలు చల్లినారు. కుందేళ్ళ బెడద తీర్చే విషపు ఎరను చల్లినారు. దారిలేని కొండలకు కంచెగుంజలు, తీగె చేరవేసినారు.

కాని ఎరువు ఎక్కడనుండి వచ్చినదన్న ప్రశ్న ఒకటి ఉన్నది. న్యూజిలాండ్ సూపర్ ఫాస్ఫేటుకు కావలసిన శిలలో అధికభాగం పసిఫిక్‌లోని నౌరు, బనాబా అనే చిన్న దీవులనుండి వచ్చినది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఉమ్మడిగా ఒక కమిషన్ ఏర్పరచి అక్కడి శిలను తవ్వించి, తమ రైతులకు చౌకగా అందించినవి. 1945 డిసెంబరులో బనాబా ప్రజలను దూరాన ఫిజీలోని రాబీ దీవిలో దింపినారు. 1979 వరకు సాగిన తవ్వకంలో బనాబా నేల చాలవరకు తుడిచిపెట్టుకొనిపోయినది. నౌరు 1968లో స్వతంత్రమైనది. తవ్వకం వలన కలిగిన నష్టానికై అది అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కగా 1993లో రాజీ కుదిరినది. పరిహారంలో న్యూజిలాండ్ కూడ తన వంతు చెల్లించినది. ఒకచోటి కొండ పచ్చబడుటకు మరొకచోటి దీవి ఎముకల గూడయినది. పైగా ఆ శిలతోపాటు కాడ్మియం అనే విషలోహం కూడ కొద్దికొద్దిగా వచ్చి పచ్చిక నేలలలో పేరుకొన్నది.

మళ్ళీ ఎస్క్ లోయ

1984లో వచ్చిన ప్రభుత్వం వ్యవసాయ సహాయాలను వేగంగా తొలగించినది. ఎరువు ధర పెరిగినది. బాటలమీద విమానాల రాకపోకలు ఒక్కసారిగా తగ్గినవి. సహాయం ఉన్నప్పుడు లాభమనిపించిన నిట్టనిలువు వాలులు, అది పోగానే నష్టంగా కనిపించినవి. గొర్రెల సంఖ్య కూడ క్రమంగా తగ్గి 2020లలో 3 కోట్లకు దిగువకు వచ్చినది.

ఇంతలో 1988 మార్చిలో బోలా అనే తుఫాను ఉత్తర దీవి తూర్పు తీరాన్ని కొట్టినది. కొన్నిచోట్ల కొద్ది రోజులలోనే 900 మిల్లీమీటర్ల వరకు వాన పడినది. వెలిసిన తరువాత కొండలను పరిశీలించగా ఒక విషయం స్పష్టమైనది. పెరిగిన చెట్లున్న వాలులలో మట్టి చాలవరకు నిలిచినది. పచ్చిక ఉన్న వాలులు మాత్రం వేలాది చోట్ల విరిగి పడినవి. దీని కారణం కష్టమైనది కాదు. మట్టి నష్టం రెండు విధాలు. వాన చినుకులు, పైన పారే నీరు పైమట్టిని కొట్టుకొనిపోవడం ఒకటి. దట్టమైన గడ్డి దీనిని ఆపగలదు. నీరు లోపలికి ఇంకి, మట్టిపొర మొత్తం బరువెక్కి, కింది రాతిమీదనుండి జారిపోవడం రెండవది. దీనిని గడ్డివేళ్ళు ఆపలేవు. రాతి పగుళ్ళలోనికి దిగే చెట్టువేళ్ళు కావలెను. 1940లలో మట్టిని కాపాడగలదన్న ఆశతో ఎరువు చల్లించినవారు మొదటిదానికి సరియైన మందు కనుగొన్నారు. రెండవదానికి ఆ మందు పనిచేయదు.

1992లో తూర్పుతీరపు జారుడు కొండలలో చెట్లు పెంచే ప్రభుత్వ పథకం ఆరంభమైనది. అదీ పూర్తి పరిష్కారం కాలేదు. తోటలుగా పెంచిన పైన్ చెట్లను నరికినప్పుడు మిగిలిన కొమ్మలు, మొద్దులు 2018లో తొలగా బే వద్ద వరదలో కొట్టుకొనివచ్చి పొలాలను, తీరాన్ని కప్పినవి. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను వచ్చినప్పుడు 1938లో పూడిన ఆ ఎస్క్ లోయయే మరల ఒండ్రు కింద పూడినది. ఈ 85 సంవత్సరాల మధ్యకాలంలో ఆ దేశపు కొండలమీద విమానాలు చల్లిన ఎరువుకు లెక్కలేదు.

దీనినిబట్టి విమానబాటలు వృథా అని తేల్చడం సరి కాదు. మధ్యరకపు వాలులలో అవి నిలబెట్టిన పచ్చిక నేటికీ వేలాది కుటుంబాలకు జీవనాధారం. టర్బైను ఇంజన్ల కొత్త విమానాలు ఇప్పటికీ ఆ బాటలమీద దిగుతున్నవి. బాట అక్కరలేని హెలికాప్టరు కొంత పనిని పంచుకొన్నది. 1990లనుండి ఉపగ్రహాల సాయంతో విమానం ఎక్కడ ఉన్నదో మీటర్లతో సహా తెలుస్తున్నది గనుక, ఒకే పొలంలో ఒక వాలుకు ఎక్కువ, మరొక వాలుకు తక్కువ, వాగు ఒడ్డుకు అసలే లేకుండ చల్లడం సాధ్యమైనది. మాస్సీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ పద్ధతిని మెరుగుపరచడంలో పాలుపంచుకొన్నారు. వెనుకటి తొట్టికి తలుపు తెరవడం, మూయడం తప్ప తెలియదు. నేటి తొట్టి ఏ గట్టుకు ఎంత కావలెనో పటం చూచి పోస్తుంది.

ఈ పటంలోనే బాటల చరిత్ర నేర్పిన పాఠం ఇమిడి ఉన్నది. 1949లో రైతును వేధించిన ప్రశ్న "ఈ కొండకు ఎరువు చేర్చగలమా?" అన్నది. కొండవెన్నుమీది బాట దానికి అద్భుతమైన సమాధానం చెప్పినది. చేర్చగలిగిన ప్రతిచోటికీ చేర్చవలెనా, ఏ వాలు గడ్డికి తగినది, ఏ వాలు చెట్టుకు విడువదగినది అన్న రెండవ ప్రశ్నను అడిగినది విమానం కాదు, బాట కాదు, జారిపడిన మట్టి. ఆ ప్రశ్నకు సమాధానం కొండ కొండకూ వేరుగా ఉంటుంది. దానిని నేల పరీక్షవల్ల, వాన లెక్కలవల్ల, ఆ నేలమీదనే పుట్టిపెరిగిన రైతు అనుభవంవల్ల తెలుసుకోవలసి ఉన్నది.